నాలుగు వేలిముద్రలు

మామగారి రిటైర్మెంటు శుక్రవారం. పెద్దకోడలి రిటైర్మెంటు మాత్రం మంగళవారమే అయిపోయింది.

ఆమె కోసం ఎవరూ సభ పెట్టలేదు. పొద్దున్న కాఫీల దగ్గర అత్తగారు రొట్టెముక్కని కాఫీలో ముంచి, అది విరిగి కప్పులో పడకుండా జాగ్రత్తగా నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, "శుక్రవారం ప్రెస్సువాళ్ళకి పంపే టార్టులు ఈసారి చిన్నమ్మాయి చేస్తుందిలే. పెద్దమ్మాయ్, నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో" అంది. అంతే. ప్రెస్సులో పుస్తకాలు బైండు చేస్తూ ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసినందుకు మామగారికి సభ, ప్రసంగాలు, గోడగడియారం. అదే ప్రెస్సుకి పదకొండేళ్ళుగా కూరగాయల టార్టులు చేసి పంపినందుకు పెద్దకోడలికి విశ్రాంతి.

"అలాగే అత్తయ్యా" అంది పెద్దకోడలు. ఆ రెండు మాటలూ అనడానికి ఆమెకు రెండు గుటకలు పట్టాయి.

ఎదురుగా కూర్చున్న చిన్నకోడలు కప్పు కింద పెట్టేసి, "నేనా? అరవై చెయ్యాలా? అమ్మో! అక్కా, నువ్వు పక్కనుండాలి" అంది.

ఎనిమిది నెలల కిందట ఆ ఇంటికొచ్చిన పిల్ల. పిండిలో నీళ్ళు పొయ్యమంటే నీళ్ళలో పిండి పోసిన పిల్ల. పొరలు పొరలుగా పొంగే టార్టు పిండి ఎలా కలపాలో, దాని మధ్య వెన్న ఎలా పెట్టాలో, కూరగాయల నీరు ఎంత ఇగరాలో, ఒవెన్ తలుపు ఎప్పుడు తియ్యకూడదో, అన్నీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది ఎవరు? పెద్దకోడలే. నేర్చుకున్నన్నాళ్ళు ఏకులా ఉండి ఇప్పుడు మేకై కూర్చుంది. పైగా "నువ్వు పక్కనుండాలి" అట. పక్కనుండటానికి పెద్దకోడలు ఏమన్నా ఉప్పుడబ్బానా?

మనసులో ఆ పిల్లకి ఆమె ఒక పేరు పెట్టుకుంది, వెన్నముద్ద అని. తెల్లగా ఉంటుందని కాదు. ఎవరు వేలు పెట్టినా మెత్తగా దిగిపోతుందని. అత్తగారు నవ్వితే నవ్వుతుంది, మామగారు దగ్గితే మంచినీళ్ళు తెస్తుంది. అందులో వంకపెట్టడానికి ఏమీ లేకపోవడమే పెద్దకోడలికి అన్నిటికంటే పెద్ద వంకగా కనిపించేది.

భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. పనికి బయల్దేరుతూ సంచిలో స్పానర్లు సర్దుకుంటున్నవాడి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"విన్నారా మీ అమ్మగారి మాట?"

"పోనీలేవే. ఈ ఇంట్లో ఒక్కదాన్నే చస్తున్నానని రోజూ అంటావు కదా. పాపం అమ్మ విన్నది."

"అన్నాను. అంటే మాత్రం వినాలా?"

అతను ఒక్క క్షణం ఆలోచించి, ఇది తనకి అందే లెక్క కాదనుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అతన్నని ఏం లాభం? ఆ ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఉంది. అత్తగారికి మాట ఉంది. మామగారికి ఉద్యోగం ఉంది. మరిదికి కొత్త పెళ్ళాం ఉంది. ఆ కొత్త పెళ్ళానికి వయసుంది, నవ్వుంది, చక్కటి గొంతుంది. పెద్దకోడలికి ఉన్నది టార్టు ఒక్కటే. ప్రెస్సులో మామగారి పేరు తెలియని కుర్ర గుమాస్తాలు కూడా "టార్టులావిడ మామగారు" అంటే గుర్తుపడతారు. ఆ ఒక్కటీ కాస్తా పోతే, రేపు ఎవరన్నా ఆ ఇంటి పెద్దకోడలు ఏపాటిదంటే చెప్పడానికి ఏమీ మిగలదు.

బుధవారం మధ్యాహ్నం పిండి కలిపారు. కలిపారు అనడం మర్యాద కోసం. కలిపింది చిన్నకోడలు. ఉండమన్నారు గనక పెద్దకోడలు పక్కనుంది.

మైదా, ఉప్పు, ఐసునీళ్ళు, రెండు చుక్కల నిమ్మరసం. ముద్ద అయీ అవకముందే చెయ్యి తీసెయ్యాలి. ఎక్కువ పిసికితే రబ్బరులా సాగుతుంది. ఎక్కడో ఒకచోట తప్పకపోతుందా అని పెద్దకోడలు చూస్తూనే ఉంది. చిన్నకోడలు సరిగ్గా తియ్యాల్సినచోటే చెయ్యి తీసేసింది.

"ఇంతేనా అక్కా?"

"ఊఁ. ఇంతే."

రెండు ముద్దలు చేసింది, ముద్దకి ముప్ఫై టార్టులు. తరవాత వెన్నని కాగితాల మధ్య పెట్టి కర్రతో టపటపా కొట్టి పలకలా చేసింది. వెన్న కరక్కూడదు, గట్టిగా బిగుసుకునీ ఉండకూడదు. పిండి ఎంత చల్లగా ఉందో వెన్న అంతే చల్లగా ఉండాలి. పిండి మధ్యలో వెన్నపలక పెట్టి, నాలుగువైపులా కప్పి, పొడుగ్గా ఒత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు పొరలుగా మడవాలి. అది ఒక మడత. తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, అరగంట ఆగి, తీసి, పక్కకి తిప్పి, ఒత్తి, మళ్ళీ మడత. అలా నాలుగు మడతలు. రెండింటితో సరిపెడితే పొరలు దళసరిగా ఉండి, వేడి తగలగానే వెన్నంతా బయటికి కారిపోతుంది. మరీ ఎక్కువైతే పొరలు ఒకదానికొకటి అతుక్కుని అసలు పొంగదు. నాలుగు అన్నది పెద్దకోడలి లెక్క. ఆ లెక్క కోసం మొదటి ఏడాది ఎంత పిండి చెత్తబుట్టలో పోసిందో ఆమెకే తెలుసు.

మధ్యలో ఫోను మోగుతుంది, తలుపు కొడతారు, ఎన్ని మడతలయ్యాయో మరిచిపోతాం. అందుకని మడత మడతకీ పిండి మూల మీద వేలితో ఒక నొక్కు. ఎన్ని నొక్కులో అన్ని మడతలు. "చదువుకుని కూడా వేలిముద్రలు వేసేది మా ఆవిడే" అని భర్త పదకొండేళ్ళుగా ఒకటే జోకు వేస్తున్నాడు, ఇంట్లోవాళ్ళు పదకొండేళ్ళుగా నవ్వుతున్నారు. చిన్నకోడలు వచ్చాక ఆ జోకు "మా ఇంటి కోడళ్ళే" అని మారింది. ఆఖరికి వెక్కిరింతలో కూడా వాటా పంచాల్సి వచ్చింది.

మొదటి మడత అయ్యేసరికి అత్తగారు వంటింట్లోకి వచ్చింది. వచ్చి వెళ్ళిపోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఉల్లిపాయలు ఇలా తే చిన్నమ్మాయ్, నేను తరుగుతాను. నీ కళ్ళు మండుతాయి."

పెద్దకోడలి కళ్ళు పదకొండేళ్ళుగా మండుతున్నాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు మండుతున్నది మాత్రం ఉల్లిపాయ వల్ల కాదు.

సాయంత్రం రెండో మడత కూడా వేసి, మూల మీద రెండో ముద్ర నొక్కి, రెండు ముద్దలనీ గుడ్డలు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాక, చిన్నకోడలికి ఒక ఆలోచన వచ్చింది.

"అక్కా, ఫ్రీజర్‌లో నువ్వు దాచిన పిండి ముక్క ఉంది కదా. దాంతో ఒక నాలుగు చేసి చూడనా? ఆకారం కొంచెం మార్చుదామని."

ఆకారం మార్చుదామట. పదకొండేళ్ళుగా టార్టు నలుచదరంగానే ఉంది, ఎవరికీ మూలలు గుచ్చుకోలేదు. "చెయ్యి. నీ ఇష్టం" అంది పెద్దకోడలు.

ఆ పిల్ల ముక్కలు కోసి, అంచులు చీల్చి, ఒకదాని మీంచి ఒకటి మెలితిప్పింది. మధ్యలో ఫోర్కుతో పొడిచి, రవ్వంత ఆవపొడి చల్లి, వేయించిన ఉల్లి, కాప్సికం, పుట్టగొడుగులు పరిచి, పైన చీజు తురిమి, అంచులకి పాలు రాసి ఒవెన్లో పెట్టింది. ఇరవై నిమిషాల్లో ఇల్లంతా కమ్మటి వాసన. తీసేసరికి నాలుగూ నాలుగు వేళ్ళ ఎత్తు పొంగి, మెలిక దగ్గర బంగారు రంగు తేలి ఉన్నాయి.

మామగారు ఒకటి తిన్నారు. తిని, వేళ్ళు తుడుచుకుని, మళ్ళీ పళ్ళెం వైపు చూశారు. ఎప్పుడూ ఒక్కటితో ఆపే మనిషి.

"ఇంకోటి పెట్టమ్మా. ఏం కరకరలాడుతోందే!" అన్నారు.

"ఆవపొడి వెయ్యచ్చని ఇన్నాళ్ళూ మనకెందుకు తట్టలేదో!" అంది అత్తగారు.

మనకి అంటే ఎవరికో పెద్దకోడలికి తెలుసు. అత్తగారు జన్మలో టార్టు చెయ్యలేదు.

పిండి నాది, అని ఆమె నోటిదాకా వచ్చింది. ఆ కరకర నా నాలుగు మడతలది. పోయిన వారం నేను మడిచి దాచిన ముక్క అది. మీరు మెచ్చుకుంటున్నది నన్నే. ఈ మాటలన్నీ పళ్ళ వెనక వరసగా నిలబడ్డాయి. కానీ తిన్నవాళ్ళు చిన్నకోడలి వైపు చూస్తున్నారు. ఇప్పుడు ఆ మాట అంటే ఓర్వలేక అంది అంటారు. ఓర్వలేకే అనబోయింది, అది వేరే సంగతి. మింగలేక కక్కలేక, నాలుగో టార్టు తనకి మిగిల్చినా తినకుండా లేచి వెళ్ళిపోయింది.

చిన్నకోడలు ఒక్క మాట అని ఉంటే సరిపోయేది, పిండి అక్కదే అని. అనలేదు. పాపం, పొగడ్తలకి ముఖం ఎర్రబడి ఉక్కిరిబిక్కిరి అవుతోంది, ఆ పిల్లకి గుర్తే రాలేదు. గుర్తురాకపోవడం తప్పు కాదని తెలిసినా పెద్దకోడలి కడుపుమంట చల్లారలేదు.

గురువారం తెల్లవారింది. పాలకోసం పెద్దకోడలు అందరికంటే ముందు లేచి వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తెరిచింది. మధ్య అరలో రెండు ముద్దలూ తడిగుడ్డల్లో పడుకుని ఉన్నాయి. పాలగిన్నె తీసుకుని తలుపు వెయ్యచ్చు. వెయ్యలేదు. గుడ్డ కొస పైకెత్తి చూసింది. మూల మీద పక్కపక్కన రెండు నొక్కులు, చిన్నవి, సన్నటి వేళ్ళవి. పిండి గట్టిగా, నున్నగా, ఎక్కడా వెన్న బయటపడకుండా ఉంది. తప్పుపట్టడానికి గోరు మోపేంత చోటు లేదు.

ఆమె ఏమీ ఆలోచించలేదని చెబితే అబద్ధం అవుతుంది. అంతా ఆలోచించింది. లేవగానే ఆ పిల్ల గుడ్డ తీస్తుంది, నొక్కులు లెక్కపెడుతుంది, నాలుగు కనబడితే నాలుగూ అయ్యాయనుకుంటుంది. నిన్న ఎన్ని వేశానో మరిచిపోయాననుకుంటుంది. ఒత్తి, కోసి, ఒవెన్లో పెడుతుంది. ఆ తరవాత అత్తయ్యకి ఎవరి చెయ్యి ఏమిటో తెలుస్తుంది.

చూపుడువేలు పెట్టి నొక్కింది. చల్లగా, మెత్తగా లోపలికి దిగింది. దాని పక్కన ఇంకొకటి. రెండో ముద్ద మీద కూడా రెండు. గుడ్డ ఎలా ఉందో అలా కప్పి, పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేదాకా అక్కడే నిలబడింది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉండాలని అనుకుంది గానీ, గుండె మాత్రం గిన్నె మూత కంటే ఎక్కువ చప్పుడు చేసింది.

ఎనిమిదింటికి చిన్నకోడలు జుట్టు ముడేసుకుంటూ వచ్చి, చేతులు కడుక్కుని, ఫ్రిజ్ తెరిచి గుడ్డ తీసింది. మూల మీద నొక్కులు లెక్కపెట్టింది.

"అక్కా!"

టమాటాలు చక్రాలుగా కోస్తున్న పెద్దకోడలి కత్తి ఆగింది.

"నాలుగు ముద్రలున్నాయి. నేను రెండే వేశాను. నాకు బాగా గుర్తు." వంగి ఇంకోసారి చూసింది. "ఈ రెండూ పెద్దగా ఉన్నాయి. నువ్వు వేశావా?"

"ఊఁ" అంది పెద్దకోడలు. అందులో అబద్ధం లేదు.

చిన్నకోడలు గభాలున వచ్చి, పిండి చల్లదనం అంటిన చేతులతో వెనకనుంచి వాటేసుకుంది. "పొద్దున్నే లేచి రెండేసి మడతలు వేశావా? రెండు ముద్దలకీనా? నాకోసమా? ఎలా పూర్తిచేస్తానా అని నిన్నంతా బెంగపెట్టుకున్నా అక్కా. నీకు చెప్పలేదు గానీ, అత్తయ్య నాకు అప్పజెప్పినందుకు నువ్వేమన్నా అనుకున్నావేమోనని కూడా భయపడ్డా. పిచ్చిదాన్ని."

పెద్దకోడలి వీపు కర్రలా బిగుసుకుపోయింది. ఆమె వేసిన లెక్కలో మరుపు ఉంది, గాభరా ఉంది, తిట్లున్నాయి. ఈ కౌగిలి ఒక్కటీ లేదు. "ముందు పని చూడు. పిండి మెత్తబడుతుంది" అంది. గొంతు ఎప్పటిలాగే కటువుగా వచ్చింది, అదృష్టం.

చిన్నకోడలు మొదటి ముద్ద తీసి బల్లమీద ఒత్తసాగింది. కూనిరాగం కూడా తీస్తోంది. పెద్దకోడలు టమాటా చక్రాలని గుడ్డ మీద పరిచి తడి అద్దుతూ, ఓరకంట చూస్తోంది. కత్తి దిగినచోట పిండి అంచు కనబడింది. అందులో వెన్న పసుపుపచ్చ గీతలుగా, దారం మందాన, ఒకటి రెండు అని లెక్కపెట్టగలిగేలా ఉంది. నాలుగు మడతల పిండికి ఆ గీతలు కనబడవు, ఒకటే లేత రంగు కనిపిస్తుంది. చూసే కన్నున్నవాళ్ళకి అక్కడే తెలిసిపోతుంది. చిన్నకోడలికి ఆ కన్ను ఇంకా రాలేదు. ఆగు అనడానికి ఒక్క క్షణం చాలు. ముప్ఫై ముక్కలు కొయ్యడానికి పావుగంట పట్టింది. పెద్దకోడలు పావుగంట సేపూ టమాటాలకి తడి అద్దుతూనే ఉంది.

మొదటి పన్నెండూ ఒవెన్లోకి వెళ్ళాయి. పది నిమిషాలకి వాసన వచ్చింది. కమ్మటి వాసన కాదు. మాడుతున్న నెయ్యి వాసన. పొగ కూడా మొదలైంది.

"ఇదేంటక్కా!"

తలుపు తీసేసరికి రేకు మీద వెన్న మడుగు కట్టి చిటపటలాడుతోంది. అందులో టార్టులు చదునుగా, అడుగున నల్లగా, పైన పచ్చిగా వేగుతున్నాయి. పొంగలేదు సరికదా, మెలికలు విడిపోయి చీజంతా ఒకపక్కకి జారింది.

అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది. రేకు చూసింది, చిన్నకోడలిని చూసింది. "నిన్ను నమ్మి అరవైమందికి చెప్పానమ్మా నేను! నిన్న నాలుగు బాగా వచ్చేసరికి చెయ్యి తిరిగిందనుకున్నావా? మడతలు సరిగ్గా వేశావా అసలు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దకోడలు కొంగు సర్దుకుంది. ఇప్పుడు చెబుతుంది. అక్క వేసింది అంటుంది. అప్పుడు ఏం చెప్పాలో కూడా వెతుక్కుంటోంది.

చిన్నకోడలు ఒక్కసారి పెద్దకోడలి వైపు చూసి, తల దించుకుంది. "నాదే తప్పత్తయ్యా. తొందరపడ్డాను."

"తొందరపడితే ఎలా? రేపు పొద్దున్నే పంపాలి!" అత్తగారు పెద్దకోడలి భుజం మీద చెయ్యి వేసింది. "నా బుద్ధి తక్కువ, నీకు చెప్పకుండా దీనికి చెప్పాను. ఇక నువ్వే చెయ్యమ్మా. నీ చెయ్యి పడితే తప్ప ఈ ఇంట్లో టార్టు పొంగదు."

ఈ మాట వినాలనే కదా ఇంతా చేసింది. తూచా తప్పకుండా ఆ మాటే వచ్చింది. భుజం మీద చెయ్యితో సహా వచ్చింది. పెద్దకోడలు దాన్ని ఆనందంగా అందుకోబోయింది. నిజానికి అందుకుంది కూడా, అత్తగారు హాల్లోకి వెళ్ళేదాకా.

అత్తగారి చెప్పుల చప్పుడు దూరమయ్యాక చిన్నకోడలు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. కళ్ళు తుడుచుకుంది గానీ నవ్వడానికి ప్రయత్నిస్తోంది.

"అత్తయ్యకి చెప్పలేదులే అక్కా."

"ఏం చెప్పలేదు?"

"ఆ మడతలు నువ్వు వేశావని. నువ్వేం బాధపడకు. నిద్రకళ్ళతో వేసుంటావు, వెన్న మెత్తబడి ఉంటుంది. మణికట్టు నొప్పి అంటున్నావు కదా ఈమధ్య. ఎప్పుడో ఒకప్పుడు ఎవరికైనా చెయ్యి తప్పుతుంది. నన్ను తిట్టినా పరవాలేదు, నేను కొత్తదాన్ని. నిన్నంటే బాగుండదు." తరవాత ఇంకా మెల్లగా, "ఇప్పుడు నువ్వు ఒత్తుతుంటే నేను చూస్తుంటాను. వెన్న బయటికొస్తుంటే చెప్తాను. సరేనా?" అంది.

పెద్దకోడలికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నేను ఒత్తుతుంటే ఇది చూస్తుందా? నాకు చెయ్యి తప్పిందా? ఈ లోకంలో మడత విలువ తెలిసిన మనిషి ఇంకొకరున్నారంటే ఈ పిల్లే. అత్తగారికి పొంగితే టార్టు, పొంగకపోతే రొట్టె. భర్తకి ఏదైనా ఒకటే. తెలిసిన ఆ ఒక్క మనిషీ ఇవాళ్టి నుంచి, పాపం అక్క చెయ్యి పోయింది అనుకుంటుంది. జాలిపడుతుంది. అందరి ముందూ తన పరువు కాపాడి, వెనకనుంచి పిండి మీద కన్నేసి ఉంచుతుంది.

నోరు మూసుకుంటే మంచిదనే పేరు దక్కుతుంది, పనిమంతురాలన్న పేరు పోతుంది. నోరు విప్పితే అటుది ఇటవుతుంది. ఇంకొకరైతే గంటసేపు ఆలోచించేవాళ్ళు. పెద్దకోడలికి ఆలోచించేంత వ్యవధి లేకపోయింది.

"నేను మడిస్తే తప్పదు" అంది.

"అదే అక్కా, ఎప్పుడూ తప్పదు. ఈసారేదో..."

"ఈసారీ తప్పలేదు. నేను మడవలేదు."

"మరి ముద్రలు?"

"ముద్రలే వేశాను."

చిన్నకోడలు నవ్వబోయి ఆగిపోయింది. "తమాషాకా?"

"కాదు. నీ టార్టులు పాడవ్వాలని."

"ఎందుకు?"

"కుళ్ళు" అంది పెద్దకోడలు. చెప్పడం మొదలుపెట్టాక ఆగడం కష్టమైంది. "అత్తయ్య నీ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. మామయ్య రెండోది అడిగారు. నిన్నటి పిండి నాది, నువ్వు ఒక్క మాట అనలేదు. నీకు ఎనిమిది నెలల్లో వచ్చేసింది, నాకు ఏళ్ళు పట్టింది. నాకు ఇది తప్ప ఇంకేం లేదు, నీకు అన్నీ ఉన్నాయి. అందుకని."

వంటింట్లో రేకు చల్లారుతూ టిక్కుమని చప్పుడు చేసింది. చిన్నకోడలు గుడ్డ తీసుకుని ఒక్కొక్క వేలే తుడుచుకుంది. ఏడుస్తుందనుకుంది పెద్దకోడలు, అరుస్తుందనుకుంది. రెండింటిలో ఏదైనా బాగుండేది. ఆ పిల్ల గుడ్డ మడిచి బల్ల అంచున పెట్టి, ఫ్రిజ్ తెరిచి రెండో ముద్ద బయటికి తీసింది.

"దీని మీద ఎన్ని నిజం?"

"రెండు."

"అయితే ఇంకా రెండు మడతలు వెయ్యాలన్నమాట." ముద్దని పెద్దకోడలి ముందుకి జరిపింది. "వేసెయ్యండి. అత్తయ్య మీకే కదా అప్పజెప్పారు."

పెద్దకోడలు తలెత్తి చూసింది. పెళ్ళయిన మూడో రోజు నుంచీ అక్కా నువ్వు, అక్కా నువ్వు అంటూ చీరకొంగు పట్టుకు తిరిగిన పిల్ల. ముఖంలో కోపం ఏమీ లేదు. పొరుగింటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఉండే ముఖం ఉంది.

"అత్తయ్యకి నేను చెప్పేస్తాను. నీ తప్పేం లేదని."

"వద్దండి. రేపు మామయ్య సభ పెట్టుకుని ఇంట్లో గొడవెందుకు? చీజు నేను తురుముతాను. ఎంత కావాలో చెప్పండి."

ఆ రోజు సాయంత్రం దాకా ఇద్దరూ పనిచేశారు. పెద్దకోడలు రెండో ముద్దకి మిగిలిన రెండు మడతలూ వేసింది. పాడైన దానికి బదులు ఇంకో ముద్ద కలిపి, దానికి నాలుగూ వేసింది. ప్రతి మడతకీ అరగంట ఆగాలి. ఆ అరగంటలు ఇదివరకు ఎప్పుడూ కబుర్లకే చాలేవి కావు. ఇవాళ చిన్నకోడలు ఆ సమయంలో రేకులు తోమింది, డబ్బాలకి కాగితం పరిచింది, బచ్చలాకు కడిగి ఒక్కొక్క ఆకూ తుడిచింది. అడిగినదానికి అడిగినంతే చెప్పింది. పిండి ఒత్తుతుంటే ఒక్కసారి కూడా తొంగిచూడలేదు.

భర్త పనినుంచి వచ్చి, పాడైన టార్టులు పళ్ళెంలో కనబడితే నిలబడి నాలుగు తినేశాడు. "బానే ఉన్నాయి కదా. ఏమయింది వీటికి?" అన్నాడు.

శుక్రవారం తెల్లవారుజామున కాల్చిన అరవై టార్టులూ పొంగాయి. పొంగడమంటే అలాంటిలాంటి పొంగు కాదు. అంచుల మెలికలు చిన్నకోడలు చూపించిన పద్ధతిలోనే తిప్పింది పెద్దకోడలు. అడుగున ఆవపొడి కూడా చల్లింది. జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదని ఆమెకే తెలిసింది. పక్కకి తిరిగి "చూడు" అనబోయింది. చిన్నకోడలు అప్పటికే డబ్బాలు పట్టుకుని బయటికి నడిచింది.

సాయంత్రం మామగారు గోడగడియారం చంకలో పెట్టుకుని, ఖాళీ డబ్బాలతో వచ్చారు. హాల్లో అందరూ చేరారు. మేనేజరు మూడు తిన్నాడట. ప్రసంగం చెయ్యాల్సినాయన నోరు నిండా టార్టు పెట్టుకుని మైకు ముందు నిలబడ్డాడట. అత్తగారు పొంగిపోతూ పెద్దకోడలిని చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"అంతా మా పెద్దమ్మాయి చేతి చలవ!"

"నాదేం లేదత్తయ్యా" అంది పెద్దకోడలు గబగబా. "ఆ మెలికలూ, ఆ ఆవపొడీ అన్నీ చిన్నదానివే. తను చెప్పినట్టే చేశాను. నిన్న పాడైనదానిలో కూడా తన తప్పేం లేదు, అది నేను..."

"లేదండీ" అంది చిన్నకోడలు మధ్యలోనే, నవ్వుతూ, అందరికీ వినబడేలా. "అంతా అక్కగారే చేశారు. నేను చీజు తురిమానంతే. మీరు నిలబడే ఉన్నారు, కూర్చోండి అక్కగారూ. డబ్బాలు నేను కడుగుతాను."

అత్తగారు కళ్ళు విప్పార్చి చూసింది. తరవాత ముఖమంతా సంతోషం పరుచుకుంది.

"విన్నావా పెద్దమ్మాయ్? అక్కగారట! ఇన్నాళ్ళూ నువ్వు నువ్వు అంటుంటే చెప్పలేక ఊరుకున్నాను. ఇప్పటికి పిల్లకి పెద్దంతరం చిన్నంతరం తెలిసింది. ఎంతైనా నీ దగ్గర నేర్చుకుంది."

చిన్నకోడలు డబ్బాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. పెద్దకోడలు కూర్చుంది.